యథాతథ వాన

జ్యేష్ఠం, సోమవారం

ఈ రోజు ఒక చిన్న కేసు. భోజన విరామానికి ముందే అయిపోయింది. అయిపోయిందనే అనుకున్నాను.

కేసు అప్పడాల కాలనీ వాళ్లది. కొత్తరేవు ఊరి చివర కొండవాలు మీద ఉంటుందా కాలనీ. అక్కడి ఆడవాళ్లు అప్పడాలు ఒత్తి, వడియాలు పెట్టి, ఊరంతటికీ అమ్ముతారు. వాళ్ల వీధికి వాన వంతు ఎప్పుడూ రాత్రిపూటే ఉండేది. ఈ ఏడాది వాన పట్టికలో మా వర్ష పంపిణీ శాఖ కమిషనర్ ఫణిభూషణ్ గారు దాన్ని పగటికి మార్చారు. రాత్రి వంతు ఒక మంత్రిగారి తోటకు అవసరమైంది. పగలు వాన పడితే అప్పడాలు ఎక్కడ ఎండాలని కాలనీ సంఘం అధ్యక్షురాలు లెంక ఎర్నమ్మ హైకోర్టుకు వచ్చింది. ఆమె వకీలు సన్యాసినాయుడు. శాఖ తరఫున సహాయ ప్రభుత్వ న్యాయవాదిని నేను, పొట్నూరు హైమవతిని.

సన్యాసినాయుడు గట్టిగా వాదించాడు. నేను వాయిదా అడిగాను. రుతుపవనాలను జాతీయం చేసిన నాటినుంచి మా శాఖ విధానం అదే, ముందు వాయిదా అడగడం, కేసేమిటో తర్వాత చూసుకోవడం. జడ్జిగారు గడియారం వంక చూసి, "ఇరుపక్షాలూ యథాతథ స్థితి కొనసాగించండి. నాలుగు వారాల తర్వాత చూద్దాం" అని లేచిపోయారు.

అంటే పాత పట్టిక ప్రకారం రాత్రి వానే ఉంటుందని నాయుడు అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. బయట వరండాలో ఇద్దరం కలిసే టీ తాగాం.

ఆఫీసుకు రాగానే మేఘస్తంభం ఇంజనీరు ఫోన్ చేశాడు. కొండమీది స్తంభం నుంచే ఆ వైపు మబ్బుల్ని తిప్పుతారు. "మేడమ్, కాలనీ మీద ఇప్పుడు పగటి వాన నడుస్తోంది. కాసేపట్లో ఆపాలి. కోర్టు ఆర్డరు ఉందటగా, ఆపమంటారా?"

"ఆపక ఇంకేం చేస్తారు?" అన్నాను.

"కాగితం మీద రాసివ్వండి మేడమ్" అన్నాడు. ఇంజనీరు తెలివైనవాడు.

కాగితం మీద రాసిచ్చే అధికారం నాది కాదు. ప్రభుత్వ న్యాయవాది రామబ్రహ్మం గారిది.

జ్యేష్ఠం, మంగళవారం

రామబ్రహ్మం గారు ఆర్డరును భూతద్దం పెట్టి చదివారు. ఆయన కళ్లు బాగానే ఉంటాయి. భూతద్దం గౌరవం కోసం.

"ఆర్డరు ఇచ్చిన క్షణంలో కాలనీలో ఏముంది?" అని అడిగారు.

"వాన పడుతోంది సార్."

"అదే స్థితి. దాన్ని కొనసాగించమన్నారు. ఆపితే కోర్టు ధిక్కారం. కమిషనర్ గారిని జైలుకు పంపుదామా?"

"స్థితి అంటే వాన కాదు సార్, వాన పట్టిక. వాళ్లు అడిగింది పట్టిక గురించే."

"పట్టిక అనే మాట ఆర్డర్లో చూపించు."

"లేదు సార్. వాన అనే మాట కూడా లేదు."

"మాట లేదు. కానీ వాన ఉంది కదా! కళ్లెదుట ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని నమ్ముకుని నేను సంతకం పెట్టలేను."

"పోనీ, వివరణ కోరుతూ ఒక అర్జీ వేద్దాం."

ఆయన భూతద్దం దించి నా వంక జాలిగా చూశారు. "వివరణ అడిగితే ప్రభుత్వానికి ఆర్డరు అర్థం కాలేదని ఒప్పుకున్నట్టు. నా సర్వీసులో అర్థంకాని ఆర్డర్లు బోలెడు చూశానమ్మా. అర్థం కాలేదని ఒక్కసారి కూడా రాసివ్వలేదు. అందుకే ఈ కుర్చీలో ఉన్నాను."

అభిప్రాయం టైపు చేయించి పంపారు. వాయిదా వరకు అప్పడాల కాలనీలో వాన ఆగరాదు.

ఆషాఢం, శుక్రవారం

వాయిదా వచ్చింది. జడ్జిగారు రాలేదు. మళ్లీ వాయిదా పడింది.

ఉండబట్టలేక కాలనీకి వెళ్లాను. వీధి మొదట్లో నేలమీద సున్నంతో గీత గీసినట్టుంది. ఇవతల ధూళి లేస్తోంది, అవతల నీళ్లు పారుతున్నాయి. ఇవతల నిలబడి గొడుగు విప్పుతుంటే దారిన పోయేవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అవతల అడుగు పెట్టాక ఎవరూ నవ్వలేదు.

ఎర్నమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, పిండి కలిపి కలిపి చేతులు మగవాడి చేతుల్లా గట్టిబడ్డాయి. నేనెవరో చెప్పక ముందే గుర్తుపట్టింది.

"ఏటమ్మా, గవర్మెంటు పిలీడరు నువ్వే గదా? రా, నువ్వూ తడుద్దువుగాని."

"కోర్టు ఆర్డరు ఎర్నమ్మగారూ. వాయిదా వరకు..."

"కోర్టోరు కురమన్నారా, ఆగమన్నారా?"

"ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు."

"మా బతుకులు ఉన్నట్టు ఉంచమన్నారనుకున్నాం గానమ్మా, వాననా?"

ఆమె లోపలికి తీసుకెళ్లి చూపించింది. దండేల మీద చీరలు, మంచాల మీద జల్లెడలు, జల్లెడల్లో అప్పడాలు. ప్రతి అప్పడం మీద పచ్చగా బూజు. వెనక గది గోడకు చెయ్యి ఆనిస్తే అరచేయి తడిసింది.

"పక్క ఈదోళ్లు మంచోళ్లు. మేడల మీద ఎండబెట్టుకోమన్నారు. ఎన్నాళ్లు ఊరుకుంతారు? రేపో మాపో కాకులొచ్చేత్తన్నాయంటారు. ఆల తప్పేటి లేదు."

వెళ్లేటప్పుడు శాఖవాళ్లు అంతకుముందే పంచిన గొడుగు ఒకటి చూపించింది. దానిమీద "ప్రజల వాన ప్రజలకే" అని ఉంది. ఒక్క చినుకు కూడా ఆపలేదట.

కార్తీకం, బుధవారం

నిన్న శాఖ వార్షికోత్సవం జరిగింది. రాష్ట్రంలో అత్యధిక వర్షపాతం సాధించిన వార్డుగా అప్పడాల కాలనీకి బహుమతి ఇచ్చారు. లక్ష్యాన్ని మించి ఎన్నో రెట్లు సాధించామని కమిషనర్ ప్రసంగించారు. బహుమతి అందుకోవడానికి ఎర్నమ్మను పిలిచారు. ఆమె వేదికెక్కి, తడిచీర కొంగు కమిషనర్ గారి చేతుల్లో పిండింది. ఫొటో బాగా వచ్చింది. ఈ రోజు పత్రికలో "ఆనందబాష్పాలు" అని వేశారు.

అది చూసి నవ్వి, ఆ ముక్క కత్తిరించి ఫైల్లో పెట్టాను.

మరుసటి ఏడాది, చైత్రం, గురువారం

ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి మా గది తాళం కూడా మారింది. పాత ప్రభుత్వం వేసిన న్యాయవాదులందరినీ ఒకే కాగితంతో తీసేశారు. రామబ్రహ్మం గారు అరగంటలో విశ్రాంత జీవితం ప్రారంభించారు. కమిషనర్ గారు మాత్రం ఉన్నారు. వాన వచ్చినా పోయినా గొడుగు కర్రలా ఉండేవాళ్లు ఉంటారు.

కొత్త ప్రభుత్వ న్యాయవాది ఎవరో సాయంత్రం తెలిసింది. సన్యాసినాయుడు! ఇప్పుడు గెలిచినవాళ్లు ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వాళ్ల కేసులు చాలా చూశాడట, అందుకు ప్రతిఫలం.

ఫోన్ చేసి అభినందించాను. "మొదటి పని ఏంచేస్తారు?" అని అడిగాను.

"ఆ వాన ఆపించడమే హైమవతి గారూ! ఇంకేముంది, కుర్చీ మనది" అన్నాడు ఉత్సాహంగా.

ఆషాఢం, సోమవారం

నేనిప్పుడు ప్రైవేటు. దంతులూరి దివాకరవర్మ గారి దగ్గర చేరాను. వాన కేసుల్లో ఈ ఊళ్లో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఆయన మొదటి రోజే పాఠం చెప్పారు.

"అక్కడ కేసు ఓడిపోతే బదిలీ చేస్తారు. ఇక్కడ గెలిస్తే క్లయింటు వెళ్లిపోతాడు. ఓడొద్దు, గెలవొద్దు. కేసును పెంచుకోవాలి, మామిడి మొక్కలా."

పని మాత్రం బాగుంది. పెళ్లి ముహూర్తానికి పొరపాటున వడగళ్లు పంపినందుకు కల్యాణమండపం వేసిన దావా నాదే. రెండు వార్డుల మధ్య ఇంద్రధనుస్సు ఎవరిదన్న తగాదా కూడా నా దగ్గరే ఉంది. ఒక చివర ఇక్కడా ఒక చివర అక్కడా ఉంది కాబట్టి మధ్యలో వంపు ఎవరికి చెందుతుందన్నది ప్రశ్న. అటువైపు వకీలు మంచి పండితుడు. మేం ఇంకా నీలం రంగు దాకా రాలేదు.

ఈ రోజు ఎర్నమ్మ వచ్చింది. అప్పడాల కాలనీలో వాన ఇంకా ఆగలేదు. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకుని, నేను చెప్పక ముందే కుర్చీలో కూర్చుంది.

"నువ్విప్పుడు గవర్మెంటు కాదంట గదా. మా పక్కకొచ్చీ."

"రాకూడదు ఎర్నమ్మగారూ. ఈ కేసులో నేను ప్రభుత్వం తరఫున నిలబడ్డాను. ఇప్పుడు అదే కేసులో ఇటువైపు వకాలత్తు వేస్తే తప్పు. నా లైసెన్సు పోతుంది."

"మరి మా పిలీడరు నాయుడుబాబు?"

"ఆయన ప్రభుత్వం వైపు వెళ్లారు. ఒకప్పుడు మీ వకీలు కాబట్టి ఆయనా ఇందులో మాట్లాడకూడదు."

ఆమె రెండు వేళ్లు చూపించింది. "ఈ కేసు మీ ఇద్దరికీ తెల్సు."

"అవును."

"అందుకని మీరిద్దరూ మాటాడకూడదు."

"అవును."

"తెలిసినోలు నోరు మూసుకోవాల, తెలీనోలు మాటాడాల. బాగున్నాదమ్మా నాయం." లేచి నిలబడింది. "పోనీ తెలీనోడినొకడిని సూపించు."

ముగ్గురి పేర్లు ఇచ్చాను. 

కార్తీకం, శుక్రవారం

ఎర్నమ్మకు నేను చెప్పిన ముగ్గురు వకీళ్లలో ఒకాయన కాలనీ చూడడానికి వెళ్లి జలుబు పట్టుకొచ్చి కేసు వదిలేశాడు. రెండో ఆయన కాగితాలు అడిగాడు. అవి తడిసి ముద్దయ్యాయి. మూడో ఆయన ఒప్పుకున్నాడు కానీ, ప్రతి వాయిదాకూ కేసు చదవడానికి వ్యవధి కోరుతున్నాడు.

మూడో ఏడాది, భాద్రపదం, మంగళవారం

కోర్టులో వేరే పనిమీద కూర్చుని ఆ కేసు పిలుపు విన్నాను. సన్యాసినాయుడు లేచాడు. మొహం ఎండిపోయి ఉంది.

"మిలార్డ్, గతంలో నేను పిటిషనర్ల న్యాయవాదిని. నేను వాదించడం తగదు. ప్రభుత్వం మరొకరిని నియమించడానికి వ్యవధి కావాలి."

వాయిదా ఇచ్చారు.

వరండాలో పట్టుకుని అడిగాను, "ఏడాదిన్నర నుంచి ఇదే మాట. మరొకరిని నియమించరేం?"

"నియమించాలంటే ప్రభుత్వ న్యాయవాది అభిప్రాయం కావాలి. ఆ న్యాయవాదిని నేనే. నాకు సంబంధమున్న కేసులో నేను అభిప్రాయం ఇవ్వకూడదు. కాబట్టి ఫైలు నా బల్లమీదికి రావడం, నేను ముట్టుకోకుండా వెనక్కి పంపడం. రెండుసార్లు ముట్టుకోబోయాను. కమిషనర్ వద్దన్నాడు. ఆ వాన లెక్కలు చూపించే ఆయనకు పదోన్నతి వచ్చేలా ఉంది." టీ గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు, "ఎర్నమ్మ మొహం చూడలేక ఆ వైపు వెళ్లడం మానేశాను హైమవతి గారూ."

పుష్యం, శనివారం

వర్మగారు కొత్త కేసు ఇచ్చారు. టార్పాలిన్లు, నీళ్ల పంపులు అమ్మే ఒక కంపెనీ అప్పడాల కాలనీ కేసులో తనను కూడా కక్షిదారుగా చేర్చమంటోంది. వాన ఆగితే తమ వ్యాపారం దెబ్బతింటుందని, వాన కొనసాగడం తమ హక్కని వాళ్ల వాదన.

"బంగారు వానమ్మా ఇది. ఇందులో నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. జరుగుతున్నదాన్ని జరగనిస్తే చాలు" అన్నారు.

"నేను ఆ కేసులో ఏ వైపూ ఉండకూడదు సార్."

"కంపెనీ ఏ వైపూ కాదు, మూడో వైపు."

"నాకు మూడో వైపు కూడా వద్దు."

ఆయన కోప్పడలేదు. కేసు వేరే గదికి పంపారు. నాకు ఇంద్రధనుస్సు మిగిలింది.

నాలుగో ఏడాది, ఆషాఢం, ఆదివారం

అప్పడాల కాలనీలో ఇళ్ల వెనక కొండమట్టికి అడ్డంగా కట్టిన గోడ కూలింది.

పొద్దున్నే మేఘస్తంభం ఇంజనీరే ఫోన్ చేసి చెప్పాడు. గోడ ఉబ్బిందని అంతకుముందే నివేదిక ఇచ్చాడట. శాఖ దాన్ని సీల్డ్ కవర్లో కోర్టుకు పంపింది. కవర్ ఇంకా ఎవరూ విప్పలేదు.

ఆసుపత్రికి పరిగెత్తాను. ఎవరూ చనిపోలేదు, అది దేవుడి దయ. వీధిలో వాళ్లందరూ అప్పడాలు ఎండబెట్టడానికి పక్క వీధి మేడలమీదికి వెళ్లారు. ఇంట్లో ఉన్నది ఎర్నమ్మ, ఆమె మనవరాలు చిట్టెమ్మ మాత్రమే. గోడ పగలడం విని ఎర్నమ్మ పిల్లను అరుగుమీదికి విసిరేసిందట. తాను బయటపడేలోగా రాయి కాలుమీద పడింది.

మోకాలి కింద నుంచి కట్టు. మంచం పక్కన చిట్టెమ్మ నేలమీద కూర్చుని అరటిపండు తింటోంది. కేసు వేసిన ఏడాది పుట్టిన పిల్ల, ఆ మబ్బు కిందే పెరిగింది.

"గోడకి కూడా వాయిదా ఇయ్యలేకపోనారమ్మా?" అంది ఎర్నమ్మ. వెటకారంగానే అంది. తర్వాత మొహం అటు తిప్పుకుంది. ఆమె ఏడవడం నేను చూడకూడదనుకుంది, నేను చూడలేదన్నట్టు కిటికీ వంక తిరిగాను.

బయట టీ బడ్డీ దగ్గర సన్యాసినాయుడు నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్లే ధైర్యం లేక అక్కడే ఆగిపోయాడు. రెండు టీలు చెప్పాడు. 

"నేను అసలు మాట్లాడకూడదు. నువ్వు వాళ్ల వైపు మాట్లాడకూడదు" అన్నాడు గ్లాసు నా చేతికిస్తూ. ఆ రోజే మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. "కానీ నువ్వు మా వైపు మాట్లాడొచ్చు."

"ఏమిటి?"

"నువ్వు ముందునుంచీ ప్రభుత్వం వైపే కదా! ఈ ఒక్క కేసుకు ప్రత్యేక ప్రభుత్వ న్యాయవాదిగా మళ్లీ వస్తే ఎవరూ కాదనలేరు. గోడ కూలాక కమిషనర్ వణికిపోతున్నాడు, గట్టి ప్లీడరు కావాలంటున్నాడు. పాత న్యాయవాదిని తిరిగి పిలవడానికి నా అభిప్రాయం అక్కర్లేదు. నీ పేరు మాత్రం ఆయన చెవిన వేస్తాను."

"వచ్చి ఏం చెప్పాలి?"

"నాకేం తెలుసు? నేను ఈ కేసులో మాట్లాడకూడదు" అని టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఆషాఢం, గురువారం

నియామకం కాగితం వచ్చింది. వర్మగారికి చూపించాను. చదివి, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"నీ మనసులో ఏముందో నేనడగను. ఒకటే చెప్తాను. సొంత క్లయింటును ముంచిన ప్లీడరు దగ్గరికి ప్రభుత్వమూ రాదు, ప్రైవేటువాడూ రాడు. ఆ తర్వాత నువ్వు ఇంట్లో కూర్చుని పంచాంగం చూసుకోవాలి."

ఆయన చెప్పింది నిజం. క్లయింటుకు వ్యతిరేకంగా మాట్లాడడం నాకు కూడా చేతకాదు. నేను నేర్చుకున్న వృత్తి అది కాదు.

మధ్యాహ్నం కమిషనర్ ఫణిభూషణ్ గారు పిలిచి సూచనలిచ్చారు. గోడ సహజ కారణాల వల్ల కూలిందని వాదించాలట.

"వాన మనం కురిపించింది కదా సార్. అది సహజం ఎలా అవుతుంది?"

"కురిపించడం మనది. తడవడం వాళ్లది" అన్నారాయన.

ఈ కేసు ఫైలు మొత్తం ఇమ్మని అడిగాను. ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాను. లేఖలు, నోట్లు, బహుమతి ప్రసంగం, గొడుగుల కొనుగోలు. ఒక్కటి మాత్రం ఎంత వెతికినా లేదు.

ఆషాఢం, సోమవారం

కోర్టు హాలు నిండిపోయింది. సన్యాసినాయుడు వెనక వరసలో, మామూలు జనంతో కూర్చున్నాడు. ఎర్నమ్మను కుర్చీలో మోసుకొచ్చారు. ఆమె వకీలు యథాప్రకారం వ్యవధి అడిగాడు.

బెంచిమీద కొత్త జడ్జి, ఒక మహిళ. వ్యవధి ఇవ్వబోతూ ఆగి కిటికీలోంచి బయటికి చూశారు. ఆకాశమంతా తెల్లగా ఎండ కాస్తోంది. దూరంగా కొండవాలు మీద మాత్రం నల్లటి మబ్బు ఒకటి, ముంతమీద మూతలా ఉంది.

"ప్రభుత్వ న్యాయవాది గారూ, అదేనా ఈ కేసు?"

"అదే మిలార్డ్."

"ఎవరి కోసం కురుస్తోంది?"

నా చేతిలో కమిషనర్ గారి సూచనల కాగితం ఉంది. ఆయన రెండో వరసలో, నా వీపు వెనకే ఉన్నారు.

"ఎవరి కోసమూ కాదు మిలార్డ్. కోర్టు గౌరవం కోసం."

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "ఈ కోర్టు వాన అడగలేదే! పోనీ ప్రభుత్వానికి కావాలా ఈ వాన?"

అక్కడ నేను అబద్ధం చెప్పొచ్చు. వ్యవధి అడగొచ్చు. సూచనలు తీసుకుని చెప్తానంటే అందరూ మెచ్చుకునేవాళ్లు. ఎర్నమ్మ నన్నే చూస్తోంది. నాకు ఆమె వైపు తిరిగే హక్కు లేదు. బెంచి వైపే చూస్తూ చెప్పాను.

"శాఖ ఫైలు మొత్తం చదివాను మిలార్డ్. ఆపితే ధిక్కారమవుతుందేమోనన్న భయం ప్రతి పేజీలో ఉంది. ఈ వాన మాకు కావాలని ప్రభుత్వం ఎక్కడా, ఒక్క ముక్క కూడా రాయలేదు. లేని కోరికను నేను ఉందని చెప్పలేను."

"అంటే ఆపితే మీకు అభ్యంతరం లేదు."

వీపు వెనక కమిషనర్ గారు "వ్యవధి, వ్యవధి" అని గుసగుసలాడుతున్నారు.

"నా ఫైల్లో అభ్యంతరం లేదు మిలార్డ్."

"రాసుకోండి" అన్నారు జడ్జిగారు స్టెనోతో. "ప్రభుత్వానికి అభ్యంతరం లేదు. వాన ఈ క్షణమే ఆపాలి. పాత పట్టిక చెల్లుతుంది. సీల్డ్ కవర్ ఇప్పుడే విప్పండి."

నేను కాగితాలు సర్దుకునేసరికే హాల్లో కలకలం. అందరూ కిటికీ వైపు పరిగెత్తారు. ఇంజనీరు ఫోన్ చెవికి ఆనించుకుని కాచుకుని ఉన్నాడు కాబోలు. కొండమీది మబ్బు అంచులు విడిపోయి, పాత దుప్పటిలా చిరుగులు పడి, సముద్రం వైపు జారిపోయింది.

ఎర్నమ్మ కుర్చీలోంచి లేవబోయి కాలు గుర్తొచ్చి కూలబడింది. "ఓలమ్మో, ఆగిపోనాది!" అంది.

ఆషాఢం, మంగళవారం

నిన్న సాయంత్రానికే నన్ను తీసేశారు. నా రెండో ప్రభుత్వోద్యోగం వారమైనా నిండలేదు. సూచనలకు విరుద్ధంగా మాట్లాడానని బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు కూడా వెళ్లింది. సంజాయిషీ రాయాలి. ఫైలు చదివి చదివినదే చెప్పానని రాస్తాను. అది చాలుతుందో లేదో తెలియదు. లైసెన్సు పోతే పోవచ్చు.

వర్మగారు కబురు చేశారు. ఇంద్రధనుస్సు ఫైలు తిరిగి ఇచ్చేయమన్నారు. అటెండరుతో పంపించాను. ఆ అటెండరు మంచివాడు, నా టిఫిన్ డబ్బా ఇంకా వర్మగారి ఆఫీసులోనే ఉందని గుర్తుచేశాడు.

మధ్యాహ్నం శాఖవాళ్లు పెద్ద బెంచికి అప్పీలుకు వెళ్లారు. వెనక కూర్చుని విన్నాను. ఇద్దరు జడ్జీలూ కాగితాలు తిరగేశారు. విషయం లోతైనదన్నారు, విచారణకు స్వీకరించారు.

"అంతవరకు యథాతథ స్థితి" అన్నారు.

సన్యాసినాయుడు నా చెవిలో, "బయట ఇప్పుడేముంది?" అన్నాడు.

"ఎండ."

"మరింకేం" అని గబగబా బయటికి వెళ్లిపోయాడు, ఎవరైనా వివరణ అడుగుతారేమోనని భయపడుతున్నవాడిలా. అప్పీలు వాయిదా పడింది.

ఆషాఢం, బుధవారం

పొద్దున్నే కాలనీకి వెళ్లాను. వీధి మొదట్లో గొడుగు విప్పబోయి ఆగాను.

గోడల నుంచి ఆవిరి లేస్తోంది. ఆడవాళ్లంతా మంచాలు, జల్లెడలు, చాపలు బయటికి లాగారు. కూలిన ఇంటి రాళ్లమీద కూడా గుడ్డలు పరిచారు. ఎర్నమ్మ కట్టుకాలు స్టూలు మీద చాపుకుని, వీధి మధ్యలో కుర్చీ వేసుకుని అందరినీ కేకలేస్తోంది. "పలసగా ఒత్తండే! మూడేళ్ల ఎండ ఒక్క పూటలో తాగేస్తాదేటి పిండి?"

నన్ను చూసి పక్కన చాప చూపించింది. "ఉజ్జోగం పోయిందంట గదా?"

"పోయింది."

"కూకో మరి. ఒత్తడం నేర్పుతాను. దీనికి వాయిదాలుండవు."

కూర్చున్నాను. పిండిముద్ద చేతికిచ్చింది. అప్పడం గుండ్రంగా రాలేదు. ఆమె చూసి, "ఇదేటిది, ఇంద్రధనస్సా?" అంది. వీధంతా నవ్వింది. మూడేళ్లలో ఆ వీధిలో నవ్వు వినడం నాకదే మొదలు.

పాత పట్టిక లేదు, కొత్త పట్టిక లేదు, అప్పీలు తేలేదాకా అసలు వానే ఉండదు కదా, ఎలాగని అడిగాను.

"కొళాయి ఉంది. సెరువుంది. వానమాట మరో రోజు ఇసారిద్దాం. ఇయ్యేల ఎండ ఉంది."

అంతలో, రాత్రే ఆసుపత్రి నుంచి వచ్చిన చిట్టెమ్మ ఎదురింట్లోంచి నిద్రకళ్లతో బయటికి వచ్చింది. అరుగు దిగి ఎండలోకి నాలుగడుగులు వేసి, కిందికి చూసి కెవ్వున అరిచింది. వీధిలో అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది, జల్లెడలు తొక్కబోయింది. ఎక్కడికి పరిగెత్తినా నల్లగా ఏదో కాళ్లకు అంటుకుని వెంట వస్తోంది. ఏడుస్తూ వచ్చి నాయనమ్మ ఒడిలో తల దూర్చింది.

"అది నన్ను ఒదల్డం లేదే మామ్మా!"

ఎర్నమ్మ పిండిచేత్తోనే పిల్ల మొహం తుడిచింది. పట్టుకుని నిలబెట్టి, నేలమీది నీడను చూపించింది.

"అది నీదేనే గుంటా. దానిమీద ఎవడూ స్టే తేలేడు. ఎల్లు, ఆడుకో."